దక్షిణం వాకిలి

5 ఫిబ్రవరి 1961, ఆదివారం

మేము వద్దన్న ఇల్లు సత్తమ్మకు వచ్చింది.

పొద్దున్నే బెల్లం ముక్క పట్టుకొని వచ్చి తనే చెప్పింది. "అక్కా, సర్కారు కాలనీల మాకు ఇల్లొచ్చిందంట. నాలుగో వరసల. ముందుగాల మీకొచ్చిందే. నువ్వు వద్దంటెనే కద మాదాంక వచ్చింది. నీ పున్నెమే అక్కా" అని బెల్లం నా నోట్లో పెట్టింది. మింగక తప్పలేదు.

ఒకే కిరాయి ఇంట్లో గోడకు అటువైపు వాటా వాళ్ళది, ఇటువైపు మాది. ఆమె మొగుడు ఐలేశం మా ఆయన పనిచేసే నూనె మిల్లులోనే హమాలీ. ఈయన కూర్చొని లెక్కలు రాస్తే అతను బస్తాలు మోస్తాడు. కొత్తకోట దిక్కు గొర్లు కాసుకునే ఇంటి నుంచి బతకడానికి జడ్చర్ల వచ్చినవాళ్ళు. నన్ను నోరారా అక్కా అంటుంది. ఉప్పు, నిప్పు, పాలతోడు, అన్నీ ఆ గోడ మీది నుంచే ఇచ్చిపుచ్చుకుంటాము.

పోయిన నెల కాలనీ ఇండ్లకు చిట్టీలు తీసినప్పుడు మా ఆయన పేరు వచ్చింది. సర్కారే కట్టించిన ఇల్లు. కిరాయి కట్టినట్టు నెలనెలా కట్టుకుంటూ పోతే కొన్నేండ్లకు మనదే అవుతుంది. కానీ వాకిలి దక్షిణానికి. దక్షిణం యముడి దిక్కు. కల్వకుర్తి దగ్గర మా ఊళ్ళో దక్షిణం వాకిలి పెట్టినవాళ్ళ ఇంటిపెద్ద దక్కలేదని మా అమ్మ చెప్పేది. నేను ససేమిరా అన్నాను. "పిలిచి పిల్లనిస్తనంటె కులం తక్కువ అన్నడంట ఎన్కటికొకడు" అని ఈయన విసుక్కొని, మాకొద్దని కాలనీ ఆఫీసులో చెప్పి వచ్చారు.

వద్దన్నది నేనే. కాదనను. కానీ వద్దన్నదాన్ని ఇంకొకరు ఇంత సంబరంగా తీసుకుంటారని ఎవరనుకున్నారు?

6 ఫిబ్రవరి

నాకేం బాధ లేదు.

9 ఫిబ్రవరి

సత్తమ్మ ఇల్లు చూద్దాం రమ్మని పోరు పెట్టింది. పోకపోతే ఓర్వలేక పోలేదంటారు. పోయాను.

రెండు అర్రలు, వంటిల్లు, వెనక పెరడు. కింద షాబాదు బండలు. నున్నగా, చల్లగా ఉన్నాయి. ఇక్కడ నేను వారం వారం పేడతో అలికి అలికి నా నడుము పడిపోతోంది. అక్కడ బకెట్టు నీళ్ళు పోసి చీపురు కొడితే చాలు. వంటింట్లో పొగ పోవడానికి పైన గూడు ఉంది. మసి పట్టని గోడ. గోడలో మూడు అరలు. ఇత్తడి సామాను పెట్టుకుంటే ఎంత ముచ్చటగా ఉంటుంది. మా అమ్మ ఇచ్చిన బిందెలు, సర్వలు నా దగ్గర ఉన్నాయి. సత్తమ్మకు ఉన్నవి సత్తు గిన్నెలు.

"అక్కా, పొయ్యి ఏడ పెట్టాలె? నాకేం తెల్వది, నువ్వు చెప్పు" అంది. ఆగ్నేయం మూల చూపించాను. నీళ్ళ కుండ ఎక్కడో చెప్పాను. బట్టలకు దండెం ఎక్కడ కట్టాలో చెప్పాను. ఆమె తలూపుతూనే ఉంది. చివరికి చూస్తే నా ఇల్లు నేను సర్ది ఆమె చేతిలో పెట్టినట్టయింది.

వాకిట్లో నిలబడితే దూరంగా గుట్టలు కనిపిస్తాయి. దక్షిణమనే గానీ ఇంకో వంక లేదు.

11 ఫిబ్రవరి

ఇంటామె భద్రమ్మ మళ్ళీ వచ్చింది. పోయిన వానకాలం కూలిన మూలగోడ బాగుచేయించమంటే ఆమె సమాధానం ఇది: "నిర్మలమ్మా, కిరాయి పెంచొద్దని సర్కారు కనూను పెట్టె. పెంచితె కిరాయోళ్ళు కచ్చేరికి పోతరాయె. పెంచొద్దన్న సర్కారునే వచ్చి గోడ పెట్టుమను." పోయేటప్పుడు తలుపు దగ్గర ఆగి, "సత్తమ్మకు కాలనీల ఇల్లొచ్చిందంటగ? ఎవనికి రాసున్నది వానికి పోతది. నువ్వేమొ చదువుకున్నదానివి, వద్దంటివి" అని నవ్వింది.

చదువుకున్నది అన్నప్పుడు ఆ నవ్వు నాకు అర్థం కాకపోలేదు. మధ్యాహ్నం అన్నం మాడింది.

14 ఫిబ్రవరి

ఇవాళ సత్తమ్మకు దక్షిణం సంగతి చెప్పాను. మంచి కోరేవాళ్ళే చెప్తారు. కోరనివాళ్ళకేం పని?

బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాము. "నేనెందుకు వద్దన్ననో నీకు తెలుసా సత్తమ్మా?" అన్నాను.

"మీకేందక్కా, ఇంకింత పెద్దది కావాలని వద్దన్నరనుకున్న."

"పెద్దదీ లేదు చిన్నదీ లేదు. దక్షిణం వాకిలి. ఇంటి మగనికి ఆగది. మా ఊర్ల ఏడాది తిరగకముందే పోయినోళ్ళున్నరు. నాకు ఇల్లు ముఖ్యమా, మీ బావ ముఖ్యమా?"

సత్తమ్మ చేట కింద పెట్టింది. "మరి నాకెందుకు చెప్పలేదక్కా ముందుగాల?" అంది.

"అడిగితివా?" అన్నాను.

ఆమె ముఖం చూస్తే పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ తెలిసీ చెప్పకపోతే రేపు ఐలేశానికి ఏమన్నా అయితే ఆ పాపం నాకే కదా చుట్టుకునేది. చెప్పాక నా మనసు తేలికైంది. రాత్రి రెండు రొట్టెలు ఎక్కువే తిన్నాను.

16 ఫిబ్రవరి

మా ఆయన కాలనీ ఆఫీసులో మాట విని వచ్చారు. ఉగాదిలోపు ఇంట్లో చేరకపోతే ఇల్లు వాపసు తీసుకుంటారట. మిగతా ఇండ్లన్నీ అయిపోయాయి. వద్దన్నవాళ్ళ పేర్లు అట్టడుగున పెట్టారట. ఇప్పుడు ఆ అట్టడుగున మిగిలింది మేమొక్కరమే.

"అంటే సత్తమ్మ వద్దంటే మళ్ళ మనకేనా?" అన్నాను.

నా ముఖంలోకి చూసి, "దక్షిణం వాకిలని నువ్వే చెప్పినవంట కద సత్తమ్మకు. ఐలేశం మిల్లుల అడిగిండు, నిజమేనా సారూ అని. గడ్డివాము కాడ కుక్క కథున్నది నీది" అన్నారు.

కట్టుకున్నవాడు అనవలసిన మాటేనా? నేను ఆయన ఆయుష్షు కోసం ఇల్లు వదులుకుంటే నాకు దక్కింది ఇది.

20 ఫిబ్రవరి

గోడకు అటువైపు రోజూ గొడవే. ఐలేశం, "సర్కారోడు దిక్కులు సూసి కడతడానె? ఆ వరసల ఉన్నోళ్ళందరు సస్తరా?" అంటాడు. సత్తమ్మ, "నాకు అక్క చెప్పింది. అక్కకంటె నీకెక్కువ తెలుసునా?" అంటుంది. నా మాటకు అంత విలువ ఆ ఇంట్లోనే ఉంది.

చివరికి ఇద్దరూ కలిసి ఊరి నుంచి సత్తమ్మ అత్తను పిలిపించారు. గుర్వమ్మ. కళ్ళకు పొర కమ్మి మనుషులు మసకమసకగా కనిపిస్తారు. మిల్లుకు పల్లికాయ తెచ్చే లారీలో వచ్చింది. ఒంటరిగా రాలేదు. మందలో ముందు నడిచే గొర్రెను వెంట తెచ్చింది. బొల్లి దాని పేరు.

వాళ్ళ ఆచారం విని నవ్వొచ్చింది. మంద తోలుకొని ఎక్కడికి పోయినా, దిగబోయే జాగాలో ముందు ఒక్క గొర్రెను వదులుతారట. అది పండుకొని నెమరేస్తే జాగా మంచిది. పొద్దుగూకేదాకా నిలబడే ఉంటే ఆ జాగా వద్దు. "దిక్కులు మనుషులకు, బిడ్డా. గొర్రె పండుకున్న జాగకు దిక్కు అడ్డం రాదు" అంది గుర్వమ్మ. సత్తమ్మ ముఖం అప్పుడే సగం విప్పారింది.

నాకు గొర్లు తెలియనివి కావు. చిన్నప్పుడు ఎండాకాలం మా బాపు చేన్లో ఎరువు కోసం మంద పెట్టించేవాడు. చుట్టూ దడి కట్టి, ఒక్క పక్క దారి వదిలేవాళ్ళు. మేము పిల్లలం చూద్దామని ఆ దారిలో నిలబడితే కాపరి అరిచేవాడు. "దడి నోట్ల నిలవడకుండ్రి. కొత్త మనిషి దారికి అడ్డమున్నంతసేపు గొర్రె పండదు" అని తరిమేవాడు. ఆ చేను ఇప్పుడు అన్నల పంపకాల్లో పోయింది. ఈ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో.

24 ఫిబ్రవరి

సత్తమ్మ రమ్మంటేనే పోయాను. "నువ్వుంటె నాకు ధైర్యమక్కా" అంది.

మధ్యాహ్నం తిన్నాక కాలనీ ఇంటికి బయలుదేరాము. సత్తమ్మ, గుర్వమ్మ, గొర్రె, నేను. ఐలేశం పని వదిలి రాలేదు. ముందు అర్రలో బొల్లి మెడతాడు తీసేశారు. సత్తమ్మ లోపల ఒక మూలకు కూర్చుంది. గుర్వమ్మ నెత్తిన కొంగు కప్పుకొని బయట గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమెకు కళ్ళు ఆనవు కాబట్టి చెవి పెట్టి వింటానంది, నెమరు చప్పుడు కోసం. ఎవరూ మాట్లాడొద్దంది.

ఎండ ముదిరింది. బయట నిలవ నీడ లేదు. వాకిట్లో గడప దగ్గర మాత్రం కాస్త నీడ ఉంది. నేను అక్కడ నిలబడ్డాను.

బొల్లి అర్ర చుట్టూ తిరిగింది. బండలు వాసన చూసింది. ఒకసారి ముందుకాళ్ళు మడవబోయి, తల ఎత్తి నా వైపు చూసి, మళ్ళీ లేచింది. అరల కింద నిలబడింది. సత్తమ్మ కళ్ళతోనే దాన్ని బతిమాలుతోంది. ఆ కళ్ళు నేను చూడలేదు. గుట్టల వైపు చూశాను.

"పండుకున్నదానె?" అంటుంది గుర్వమ్మ, కాసేపైనాక.

"లేదత్తా. నిలవడే ఉన్నది."

"కొత్త జాగా కద. సూద్దాం."

నాకు కాళ్ళు పీకాయి. కూర్చుందామా అనిపించింది, కానీ గడపలో కూర్చోవడం మంచిది కాదు. దూరంగా వేపచెట్టు కింద నీడ ఉంది, నిజమే. అంతదూరం పోతే సత్తమ్మకు ధైర్యం ఎట్లా? నన్ను రమ్మన్నదే అందుకు. ఒకసారి తనే, "అక్కా, కాళ్ళు నొస్తయి, చెట్టు కిందికి పోరాదు" అంది. "నాకేం ఫరవాలేదు, నీకోసం నిలబడతా" అన్నాను. ఎంత ప్రేమగా చూసిందో.

ఎండ వాలింది. గుట్టల మీద ఎర్రబడింది. బొల్లి నిలబడే ఉంది.

గుర్వమ్మ గోడ పట్టుకొని లేచింది. "ఒద్దు బిడ్డా. మూగజీవి నమ్మలేదు. మనకీ ఇల్లొద్దు" అంది. సత్తమ్మ తలుపుకు గొళ్ళెం పెట్టి, దాని మీద ఒకసారి చెయ్యి వేసింది. వస్తున్నంతసేపూ నా చెయ్యి పట్టుకొనే నడిచింది. "నువ్వు చెప్పినదే నిజమైందక్కా" అంది.

25 ఫిబ్రవరి

నిన్న ఎండ చాలా ఉంది. అందుకే నీడన నిలబడ్డాను.

26 ఫిబ్రవరి

ఎండ సంగతి ఎవరినడిగినా చెప్తారు.

1 మార్చి

ఐలేశం ఇల్లు వాపసిచ్చి వచ్చాడు. మా ఆయన పేరు పిలిచారు. "మరి దక్షిణం?" అన్నారు ఈయన. అయ్యగారితో శాంతి చేయిద్దామన్నాను, గుమ్మడికాయ కడదామన్నాను. మా ఇంట్లో శాస్త్రం తెలిసినవాళ్ళం, దోషానికి విరుగుడు తెలుసు, పాపం వాళ్ళకేం తెలుసు అన్నాను.

"ఈ విరుగుడు పోయిన నెల లేకుండెనా?" అన్నారు. నేను వినిపించుకోలేదు.

మాకే వచ్చింది ఇల్లు. మొదట ఎవరికి రాసుందో వాళ్ళకే వచ్చింది. ఇందులో ఒకరి సొమ్ము ఒకరు తిన్నదేముంది?

5 మార్చి, ఆదివారం

సత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొద్దంతా అత్తకోడళ్ళ మాటలే, నవ్వులే. గుర్వమ్మ ఏదో ఊరి ముచ్చట చెప్తుంది, ఈమె పగలబడి నవ్వుతుంది. ఇల్లు పోయిన మనిషి ఇట్లా ఉంటుందా? ఇల్లు వచ్చిన నేను తలనొప్పితో పడుకున్నాను. మధ్యలో గోడ మీది నుంచి చింతపులుసు గిన్నె అందించింది, నాకిష్టమని.

ఆ పులుసు ఈయనకే పోశాను.

8 మార్చి

భద్రమ్మ సత్తమ్మను ఖాళీ చెయ్యమంది. మేము పోతున్నాము కాబట్టి రెండు వాటాలూ కలిపి తన బిడ్డ లక్ష్మీనర్సమ్మను తెచ్చి పెట్టుకుంటుందట. ఇంటివాళ్ళే ఉంటామంటే కనూను కూడా ఏమీ అనదట. పైగా గొర్రె వాసనట.

ఐలేశం ఊరంతా తిరిగాడు. కాలనీ వచ్చాక కూడా ఊళ్ళో కిరాయికి జాగా దొరకడం లేదు. సర్కారు పెంచొద్దన్నప్పటి నుంచి కొత్తవాళ్ళకు ఇయ్యాలంటేనే భయపడుతున్నారట ఇండ్లవాళ్ళు. సత్తమ్మ అత్త వెంట ఊరికి పోతుందట. ఐలేశం మిల్లులోనే బస్తాల మీద పడుకుంటాడట.

"ఏం చేస్తం అక్కా. కొన్ని దినాలు. మల్ల చిట్టీలు తీసినప్పుడు సూద్దాం" అంది. మళ్ళీ ఎప్పుడు తీస్తారో దేవుడికే తెలియాలి.

నేనేం చెయ్యను? ఖాళీ చెయ్యమన్నది నేనా?

12 మార్చి, ఆదివారం

ఇంట్లో చేరాము. అయ్యగారు శాంతి చేశారు. పాలు పొంగాయి. అరల్లో నా ఇత్తడి సామాను పెట్టాను. చింతపండుతో తోమినవి, తళతళలాడాయి. వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. భద్రమ్మ కూడా వచ్చి, "మంచిగున్నది" అనక తప్పలేదు.

అందరూ తిని పోయాక సత్తమ్మ వచ్చింది. వెంట గుర్వమ్మ, బొల్లి. ఊరికి పోయే లారీ సందు చివరికే వస్తుందట. నెత్తి మీద మూట ఉంది. లోపలికి వచ్చి మూట దించి, అరల వైపు చూసింది. "గివ్వి గీడ పెడితెనే అందమక్కా. నా సత్తు గిన్నెలకు గీ అరలేంటికి" అని నవ్వింది. ఆ నవ్వులో ఏమన్నా ఉందేమోనని ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మంట పుట్టింది నాకు. పోగొట్టుకొని కూడా నవ్వడం దానికెట్లా వస్తుంది? వచ్చిన ఇల్లు తీసుకోగలిగాను గానీ ఆ నవ్వు తీసుకోలేకపోయాను.

ఇద్దరికీ విస్తళ్ళు వేసి, అన్నం వడ్డించి, పప్పు వెచ్చబెడదామని వంటింట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి బొల్లి ముందు అర్ర మధ్యలో, చల్లటి బండల మీద, నాలుగు కాళ్ళూ మడుచుకొని పండుకొని ఉంది. కళ్ళు సగం మూసుకొని నెమరేస్తోంది.

గుర్వమ్మ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. తల పక్కకు వంచి వింది.

"సత్తమ్మా, నెమరు సప్పుడు. మన బొల్లేనా?"

"మన బొల్లే అత్తా."

"పండుకున్నదా?"

"పండుకున్నది."

"మరి ఆనాడు గంటలు గంటలు నిలవడె. గదే ఇల్లు, గదే గొర్రె. ఆనాడెందుకు పండలే?"

సత్తమ్మ గొర్రెను చూసింది. తలెత్తి వాకిలి చూసింది. ఖాళీ వాకిలి. అవతల గుట్టలు కనిపిస్తున్నాయి. ఆమె గొర్లు కాసుకునే ఇంటి పిల్ల. ఆ చూపు వాకిట్లోనే చాలాసేపు ఆగింది. తర్వాత నా వైపు తిరిగింది. పప్పు గిన్నె నా చేతిలో కాలుతోంది. కింద పెట్టాలని తోచలేదు.

"మన యోగం కాదత్తా" అంది సత్తమ్మ. "అక్కకు రాసున్నది."

ఆకులో ఉన్నది ఇద్దరూ మిగల్చకుండా తిన్నారు. ఆకులు తనే ఎత్తింది. బొల్లిని లేపి మెడకు తాడు కట్టింది. గడప దాటేటప్పుడు ఎప్పటిలాగా అక్కా అంటుందేమోనని చూశాను. "పోయొస్తమమ్మా" అంది.

వాళ్ళు పోయినాక బండలు కడగబోయాను. గొర్రె పండుకున్న చోట వెచ్చగా ఉంది.

14 మార్చి

పొద్దు వాలినాక దక్షిణం గాలి బాగా వీస్తోంది. ఈయన వాకిట్లో చాప వేసుకొని కూర్చున్నారు. "నిర్మలా, ఎంత చల్లగున్నదో సూడు. వచ్చినకాడి నుంచి తిరుగుతనే ఉన్నవు. జరసేపు వచ్చి కూసో" అన్నారు.

పని ఉందన్నాను.

సామాను మళ్ళీ దించి తుడిచాను. మళ్ళీ పెట్టాను. వంటింట్లోకి పోయాను, పెరట్లోకి పోయాను, ముందు అర్రలోకి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాను. పని ఏమీ లేదు.